రెండు గంటల సైరన్

పిల్లల సంక్షేమం చూసే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఇప్పుడు ఒక పుస్తకం ఇస్తున్నారు. అట్ట మీద ఒక బొమ్మ. పాప ఏడుస్తూ ఉంటుంది, ఇస్త్రీ చొక్కా వేసుకున్న అధికారి ఆమె వైపు చేయి చాస్తూ ఉంటాడు. అంతే. వెనుక ఇల్లు లేదు, తల్లి లేదు, పక్కింటివాళ్ళు లేరు. ఆ పాప ఆకాశంలోంచి ఊడిపడినట్టు ఉంటుంది. ఆ బొమ్మ గీసినతను కనబడితే అడగాలని ఉంది. నాయనా, ఈ పిల్ల పొద్దున ఏ ఇంట్లో లేచింది? ఎవరు అన్నం పెట్టారు? నీ అధికారి ఆ చేయి పట్టుకుని ఎక్కడికి తీసుకుపోతాడు?

మొన్న సంగారెడ్డిలో కొత్తవాళ్ళ శిక్షణకు నన్ను పిలిచారు. శాలువా కప్పారు. అనుభవాలు చెప్పమన్నారు. నేను నోరు తెరిచేసరికి భోజనాల వేళైందన్నారు. చెప్పాల్సింది కడుపులోనే ఉండిపోయింది, అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు వచ్చినవీ తక్కువే, వాటివల్ల ఏ పిల్లకూ ఒరిగిందీ లేదు. ఒక్క పిల్ల సంగతి రాస్తాను. నా ఉద్యోగమంతా ఆ ఒక్కదాంట్లోనే ఉంది.

హోమ్ కాపలా

నా పేరు మల్లేశం. నిజాం కాలంలో ఉర్దూ బడికి కొన్నాళ్ళు పోయి మానేశాను. తెలుగు చదవడం కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే పాత పత్రికలతో వచ్చింది. ఇంగ్లీషు ఆఫీసు ఫైళ్ళు మోస్తూ, తోవలో తెరిచి చూస్తూ నేర్చుకున్నాను. ఇప్పటికీ మాట్లాడలేను, కానీ ఎవరైనా ఇంగ్లీషులో నన్ను తిడితే తెలుస్తుంది.

అరవైల్లో సంగారెడ్డిలో ఒక కమిటీవాళ్ళు నడిపే పిల్లల హోమ్‌లో కాపలాకు చేరాను. హోమ్ చెడ్డదని అనను. నిజంగా ఎవరూ లేని పిల్లలకు అది అన్నం పెట్టింది. అయితే అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లులున్నారు. ఆదివారాలు వచ్చేవారు. గేటు దగ్గర కూర్చుని, కొంగులో కట్టి తెచ్చిన జొన్నరొట్టె తుంచి తినిపించి, కళ్ళు తుడుచుకుని బస్సు ఎక్కేవారు. గేటు తీసేదీ నేనే, వేసేదీ నేనే. ఈ తల్లికి ఏముంటే ఈ పిల్ల ఇంట్లోనే ఉండేది అని ఒక్క అధికారి అడగ్గా నేను వినలేదు. ఆ ప్రశ్నకు వాళ్ళ ఫారాల్లో గడి లేదు.

పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో కమిటీ అక్కడ పొద్దున రెండు గంటలే నడిచే ఒక బాల్వాడీ తెరిచింది. ఊళ్ళు తిరిగే పనికి నన్ను పంపారు. నాకు ఆ ఊళ్ళు తెలుసని కొంత, సైకిలు నా సొంతమని కొంత.

మా పెద్దసారు మాధవరావు గారు. హైదరాబాదు మనిషి, పెద్ద చదువు చదివినవాడు. చెడ్డవాడు కాదు, కానీ వినే అలవాటు తక్కువ. ఆయన లెక్కలో పిల్లలను కొట్టేది, కాల్చేది అంతా బస్తీలోనే. కారణం అజ్ఞానం. మందు ఉపన్యాసం. బొంబాయి రోడ్డుకు అటు పక్క గుడిసెలు, ఇటు పక్క సర్కారు ఫ్యాక్టరీ వాళ్ళ క్వార్టర్లు. మేము అటు పోతే కేసుల కోసం పోయేవాళ్ళం, ఇటు పోతే పాత బట్టల చందా కోసం. పిల్లలు రెండు పక్కలా ఉన్నారు కదా సార్ అని నేనొకసారి అంటే, ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. 

పూర్తి చేతుల జాకెట్టు

క్వార్టర్లలో చాలామంది కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు. మగవాళ్ళు షిఫ్టుకు పోతే ఆడవాళ్ళు కొత్త ఊళ్ళో ఒంటరి. అత్త లేదు, అమ్మ లేదు, పురుడు పోసుకున్నా పలకరించే చుట్టం లేదు. అందుకని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఒక చిన్నపిల్లను తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం అలవాటైంది. పిల్లను ఎత్తుకోవడానికి, పాలు తేవడానికి. అన్నం పెడతారు, బట్టలిస్తారు. దాన్ని అందరూ ధర్మం కింద జమకట్టేవారు. అది తప్పని మాకూ ఎవరూ చెప్పలేదు.

అట్లతద్దికి ముందురోజు నేను పాత బట్టల మూటతో ఆ వరుసలో తిరుగుతున్నాను. రాజ్యలక్ష్మి గారని, గుడివాడ వైపు ఆవిడ, ఎప్పుడూ నవ్వుతూ బట్టలిచ్చేది. ఆ రోజు నవ్వలేదు. గుమ్మంలో నిలబడి, పక్క క్వార్టరు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మల్లేశం గారూ, మీరు పిల్లల మనిషే కదా?"

"అవునమ్మా."

"మరి మా పక్కింటి పిల్ల మీ లెక్కలోకి రాదా?"

పక్కింట్లో ఉండేది ఫ్యాక్టరీలో కొందరి మీద అజమాయిషీ చేసే ఒక చార్జ్‌మన్, ఆయన భార్య, ఏడాది నిండని కవలలు. వాళ్ళింట్లో పనికి ఉన్నది మణెమ్మ. ఎనిమిదేళ్ళుంటాయేమో. పాల డబ్బా పట్టుకుని పోతుంటే నేనూ చూశాను. మండుటెండలో కూడా పూర్తి చేతుల జాకెట్టు తొడుక్కుని ఉండేది. ఎవరిదో పెద్దది, కుట్లు వేసి బిగించారు. చూశాను, ముందుకు పోయాను. చూడడమే పని అయిన నాకే అది కనబడలేదంటే మిగతావాళ్ళను ఏమనాలి.

రాజ్యలక్ష్మి గారు ఆ వరుసలోని ఆడపిల్లలందరికీ గోరింటాకు పెడుతూ, పాల కోసం పోతున్న మణెమ్మనూ కూర్చోబెట్టిందట. అరచేతికి పెట్టి, చేయి తిప్పి, జారకుండా జాకెట్టు చేయి పైకి మడిచింది. మోచేతి దాకా గరిటె కాడ వాతలు. కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. పిల్ల గబగబా చేయి కిందికి లాక్కుని, గోరింటాకు మట్టిలో తుడిచేసి, "అమ్మగారు తిడతది" అని పరుగెత్తింది.

"రాత్రిళ్ళు నీళ్ళగదిలో పెట్టి గొళ్ళెం వేస్తారండీ. గోడ ఇవతల మాకు వినబడుతూనే ఉంటుంది. మా ఆయన వాళ్ళాయన కిందే పనిచేస్తారు. నా పేరు మాత్రం రానివ్వకండి."

ఆవిడను నేను పిరికిది అనను. ఆ గోడకు ఇంకో పక్కా ఇల్లుంది, వెనకా ఉంది. నోరు తెరిచింది ఆవిడ ఒక్కతే.

జీపు

మాధవరావు గారికి చెప్పాను. వెంటనే లేచారు, అది మెచ్చుకోవాలి. కానీ లేచినవారు జీపు తీశారు, జీపులో ఒక కానిస్టేబులును ఎక్కించారు. సైకిలు మీద పోదాం సార్, ముందు తల్లిని కలుద్దాం అంటే, ఇది చట్టబద్ధంగా జరగాలి అన్నారు.

క్వార్టర్లలో జీపు ఆగితే ప్రతి కిటికీలో ఒక ముఖం. చార్జ్‌మన్ చాలా మర్యాదస్తుడు. కుర్చీలు వేశాడు. భార్య కాఫీ తెచ్చింది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది, ఒక కవల చంకలో, ఒక కవల కింద. మణెమ్మను పిలిచి నలుగురి మధ్యలో నిలబెట్టి, మాధవరావు గారు పుస్తకాల తెలుగులో అడిగారు, నిన్ను ఇక్కడ సరిగా చూసుకుంటున్నారా అమ్మాయీ అని.

పిల్ల ఆయన వైపు చూడలేదు. కాఫీ గ్లాసు పట్టుకున్న ఆమె చేతి వైపు చూసింది.

"బాగనే చూస్తరు."

అయిపోయింది. చేయి చూపించమనండి సార్ అని నేను గొణిగాను. మర్యాదస్తుల ఇంట్లో ఆడపిల్ల జాకెట్టు మడవమని ఎలా అడుగుతామన్నారు. ఫిర్యాదు లేదని తేల్చుకుని లేచాము. మర్నాటి నుంచి ఆ పిల్లను పాలకు కూడా పంపలేదు. తగిలే ఆ కాస్త బయటి గాలీ మా జీపు పుణ్యమా అని ఆగిపోయింది.

కొత్తగా చేరేవాళ్ళు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పిల్లను ఏం అడిగామన్నది తరవాత. ఎవరి ముందు అడిగామన్నది ముందు. ఎవరి చేతి అన్నం తింటుందో వాళ్ళ ముందు నిలబెట్టి అడిగితే ఏ పిల్లయినా బాగనే చూస్తరంటుంది. మీరైనా అంతే అంటారు. మీ పైఅధికారి గదిలో మిమ్మల్ని ఇక్కడ బాగా చూస్తున్నారా అని అడిగినప్పుడు మీరేమన్నారో గుర్తు తెచ్చుకోండి.

ఏడ పెట్టాలె

మణెమ్మ తల్లి సాయమ్మ. సొంతూరు ముత్తంగి, కూలి కోసం బస్తీకి వచ్చి గుడిసె వేసుకుంది. మందుల సీసాలు కడిగి మూతలు బిగించే ఫ్యాక్టరీలో పని. భర్తకు క్షయ, దూరంగా ఆస్పత్రిలో ఉన్నాడు. మణెమ్మ కాక రెండేళ్ళ కొడుకు.

నేను పోయేసరికి షిఫ్టు దిగి వచ్చి పొయ్యి ఊదుతోంది. వాతల సంగతి చెప్పాను. ఊదురుగొట్టం కింద పెట్టింది. పొయ్యి వైపే చూస్తూ కూర్చుంది. నేను మనిషినే కదా, ఆగలేకపోయాను. పోయి పిల్లను తెచ్చుకో సాయమ్మా, ఇంకా కూర్చున్నావేంది అన్నాను. అప్పుడు లేచింది నా మీదికి.

"తీస్కరమ్మంటవ్. తెస్త. తెచ్చి ఏడ పెట్టాలె? ఎదురుంగ సూడు, కల్లు కాంపౌండు. పొద్దుందాక లారీలోళ్ళు గాడనే కూసుంటరు. పోయినేడు పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకోని గుడిసెల ఒక్కతే ఉంటే ఒకడు రెండుపార్లొచ్చి నీళ్ళడిగిండు. మూడోపారి లోపటికొచ్చిండు. అది తమ్ముణ్ణేస్కోని ఉరికింది. నాకు తడికె ఉన్నది సారూ, తలుపు లేదు. ఆళ్ళ ఇంటికి తలుపున్నది, గొళ్ళెమున్నది. అందుకే ఇచ్చిన. నువ్వొచ్చి కావలుంటవా రోజు?"

నేను చాలా ఉపన్యాసాలు విన్నాను, కొన్ని ఇచ్చాను. తల్లిదండ్రుల అజ్ఞానం గురించి. ఆ రోజు తరవాత ఇవ్వలేదు. ఆమె బిడ్డను వదిలించుకోలేదు, దాచుకుంది. గొళ్ళెం ఉన్న ఇల్లు చూసి దాచుకుంది. ఆ గొళ్ళెం ఏ వైపు నుంచి పడుతుందో ఆమెకు తెలియలేదు, అంతే.

మాధవరావు గారికి ఇదంతా చెబితే, అయితే హోమ్‌కు తెద్దాం అన్నారు. తల్లి దగ్గరికి పంపితే రేపు ఇంకో ఇంట్లో పెడుతుంది, దీపావళి దాటగానే ఉత్తర్వు తీసుకుంటానన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన మాటలో మొదటి సగం నిజం. తడికె తడికెలాగే ఉంటే సాయమ్మ ఇంకో గొళ్ళెం వెతుక్కుంటుంది. ఆ సంగతి దాటేసి ఊరికే కోప్పడితే లాభం లేదు.

హోమ్ అన్న మాట వినగానే సాయమ్మ, "గేటు కాడ కూసోని రొట్టె తినిపియ్యాల్నా నేను?" అంది. ఆ గేటు నాకు తెలుసు. 

అందరూ ఒక్కసారే పోతే

సాయమ్మ కొడుకును పగటిపూట చూసేది పక్క గుడిసె నర్సవ్వ. ముసలామె. కళ్ళు మసక. చంటివాణ్ణి పక్కలో వేసుకుని పడుకోగలదు, పరుగెత్తే పిల్లలను, వచ్చిపోయే మగవాళ్ళను కనిపెట్టలేదు. నేనూ సాయమ్మా అరుచుకుంటుంటే గోడకానుకుని వింటోంది.

"గా చివరి గుడిసె బాలమణి పిల్లలు గూడ గంతే గదనే. ఈ వరుసల ఆడోళ్ళందరు సైరన్ కూయంగనే ఒక్కపారే పోతిరి, ఒక్కపారే వస్తిరి. పొద్దుందాక గుడ్డిముండ నేనొక్కదాన్ని. సగం మంది పోయి సగం మంది ఉంటే ఏమాయె?"

నిజమే. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకు రెండు షిఫ్టులు. పొద్దున ఆరింటి నుంచి రెండు దాకా ఒకటి, రెండింటి నుంచి పది దాకా ఒకటి. వారం వారం మారతాయి. ఈ వరుస ఆడవాళ్ళంతా ఒకే గుంపులో ఉన్నారు. గుంపు రెండుగా చీలి, ఒకటి పనిలో ఉన్నప్పుడు ఇంకోటి ఇంట్లో ఉంటే, వరుసలో ఎప్పుడూ నలుగురైదుగురు పెద్ద ఆడవాళ్ళుంటారు. చూసే కన్ను ఉంటుంది. కల్లు కాంపౌండు నుంచి నీళ్ళడగడానికి ఎవడూ రాడు.

ఇంత చిన్న సంగతి కమిటీకి చెబితే వాళ్ళు శిశువిహారం కడదామన్నారు. స్థలం చూశారు, శంకుస్థాపనకు ఎవరిని పిలవాలని వాదులాడుకున్నారు. చాలా ఏళ్ళకు కట్టారు కూడా. బస్తీకి మైలు దూరంలో, రోడ్డు వారగా, అందరికీ కనబడేలా. తాళంచెవి అధ్యక్షుల వారి దగ్గరుండేది. అందులో కమిటీ మీటింగులు బాగా జరిగాయి.

నేను సాయమ్మ పనిచేసే ఫ్యాక్టరీ టైమ్‌కీపరు ఖాదర్ సాబ్ దగ్గరికి పోయాను. షిఫ్టులు వేసేది ఆయనే. గేటు పక్క గదిలో ఛాయ్ తాగుతూ నా మాటంతా విని, సాసరు కింద పెట్టాడు.

"మల్లేశం భాయ్, రెండేండ్ల కింద గీ ఔరతోళ్ళే వచ్చి, మమ్మల్నందర్ని ఒక్క షిఫ్టుల ఎయ్యమని నా జాన్ తిన్నరు. పది గొట్టినంక చీకట్ల అందరు గల్సి పోతరంట. సరే అని ఏసిన. ఇప్పుడు నువ్వొచ్చి ఇరగ్గొట్టమంటవ్. రేపెవరొస్తరు? నన్ను పరేషాన్ జెయ్యనీకె అందరు వంతులేస్కున్నరా ఏంది?"

ఈ సంగతి సాయమ్మ నాకు చెప్పలేదు. ఆమెకు అది సంగతే కాదు. గుంపుగా పోవడం, గుంపుగా రావడం వాళ్ళకు ఊపిరి తీసుకోవడం లాంటిది. తోవలో తమను కాపాడుకోవడానికి వాళ్ళు వేసుకున్న కట్టే ఇంటి దగ్గర పిల్లలను దిక్కులేకుండా చేసింది. ఆ ముడి ఖాదర్ సాబ్ విప్పలేడు, నేనూ విప్పలేను.

"ఆళ్ళొచ్చి ఆళ్ళ నోటితోటి చెప్పాలె. నువ్వు జెప్తే నేన్జెయ్య," అన్నాడు. అది న్యాయమే.

మర్నాడు షిఫ్టు దిగాక గేటు ముందరే పంచాయితీ. ఒకతె, చీకట్లో తక్కువ మందిమైతే భయం అంది. గుంపుకు ఒక కందిలి దీపం ఇవ్వమని ఇంకొకతె అడిగింది. అందుకు ఖాదర్ సాబ్ ఒప్పుకున్నాడు. జట్లు కట్టే దగ్గర మళ్ళీ లొల్లి. ఎవరి పిల్లలను ఎవరు చూడాలి? బాలమణికి సాయమ్మను జత చేస్తే, "గీమె కొడుకు కొరుకుతడు. నా బిడ్డ బుగ్గ మీద ఇంకా పండ్లున్నయి" అంది. సాయమ్మ ఊరుకుంటుందా. "నీ బిడ్డ గిచ్చితేనే కరిసిండు, ఉత్తగ కరువనీకె ఆడేమన్న కుక్కనా?" అంది. ఖాదర్ సాబ్ తల పట్టుకుని, కొరికేటోణ్ణి గిచ్చేదాన్ని ఒక్కదగ్గరనే పెట్టుండ్రి, ఆళ్ళే సమజైతరు అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో జట్లు కుదిరాయి. ఆయన చెవి మీది పెన్సిలు తీసి సగం పేర్లు అటు వేశాడు.

ఏ పథకంలోనూ లేని పని అది. ఒక టైమ్‌కీపరు, ఒక పెన్సిలు, కొట్లాడుకుని ఒప్పుకున్న పదిమంది ఆడవాళ్ళు. నేను చేసింది మధ్యలో సైకిలు తొక్కడం.

నర్సవ్వ చేయి

దీపావళికి ముందు ఆదివారం. ఈసారి జీపు లేదు. సాయమ్మ, బాలమణి, వాళ్ళు పట్టుకుని నడిపిస్తే నర్సవ్వ. నేను వరుస చివర బోరింగు దగ్గర సైకిలు ఆపి నిలబడ్డాను. నేను ముందు నడిస్తే అది సర్కారు రాకడ అవుతుంది. వాళ్ళు పోతే తల్లి రాక.

వసారాలో కూర్చుని నీళ్ళడిగారు. మా పిల్లను తీసుకుపోవడానికి వచ్చామన్నారు. చార్జ్‌మన్ బయటికి వచ్చాడు. గొంతు పెంచలేదు, నవ్వుతూనే అందరికీ వినబడేలా అన్నాడు.

"ఏం తక్కువ చేశామండీ? సొంత బిడ్డలా చూసుకుంటున్నాం. మీ గుడిసెలో ఏముందని తీసుకెళ్తారు?"

సాయమ్మ తల దించింది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. లేచి వెనక్కి వెళ్ళిపోతుందేమో అనిపించింది నాకు. బోరింగు పిడి గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. రాజ్యలక్ష్మి గారు తడి చేతులతో బయటికి వచ్చింది. వెనక ఆవిడ భర్త లోపలికి రమ్మని సైగ చేయడం నాకు కనబడింది. ఆవిడ వెనక్కి చూడలేదు.

"ఏం తక్కువైందో నేను చెప్పనా అన్నయ్యగారూ?"

అంతే అడిగింది. చెప్పమని ఆయన అనలేదు. వరుసలో ఇంకో తలుపు తెరుచుకుంది, ఇంకోటి తెరుచుకుంది. అన్నాళ్ళూ గోడల వెనక నుంచి విన్నవాళ్ళే అందరూ. లోపల చార్జ్‌మన్ భార్య ఏడవడం వినబడింది.

మణెమ్మ గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. అటు చూస్తుంది, ఇటు చూస్తుంది, అడుగు పడదు. తల్లి రమ్మంటే రాలేదు. ఎవరి వైపు వెళ్తే ఎవరు కొడతారో తెలియనట్టు నిలబడింది. నర్సవ్వ గాలిలోకి చేయి చాచింది.

"మణెమ్మా, నాకు కండ్లు కానొస్తలేవు బిడ్డ. గీళ్ళు జల్దీ జల్దీ నడుస్తున్నరు. జెర నా చెయ్యి పట్టుకోని ఇంటికి తోల్కపో."

పని చెబితే చేయడం ఆ పిల్లకు వచ్చు. వచ్చి చేయి పట్టుకుంది. గోరింటాకు ఎరుపు ఒక అరచేతిలో కొద్దిగా మిగిలి ఉంది. రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా చూసి ముసలామెను జాగ్రత్తగా దాటించింది. చూసినవాళ్ళు ఎవరు ఎవరిని తీసుకుపోతున్నారో చెప్పలేరు.

తరవాత మాధవరావు గారు హోమ్ మాట ఎత్తలేదు కానీ, పిల్లను సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే అని పట్టుబట్టారు. మళ్ళీ జీపేనా అని నేను గొణిగాను. అక్కడ ఆయన మాటే సరైంది, నాది కాదు. ఒక వాత లోపల చీము పట్టి ఉంది. ఇంకొన్నాళ్ళు ఆగితే చేతికే ముప్పు అన్నారు డాక్టరు.

ఆ ఇంటివాళ్ళకు శిక్ష పడిందా అని అడుగుతారు. పడలేదు. కోర్టు దాకా తీసుకుపోయే దమ్ము మా కమిటీకి లేదు, చందాలిచ్చేది ఆ వరుసవాళ్ళే. నాకు ఇప్పటికీ మంటే. చార్జ్‌మన్ భార్య నిద్రలేక, సాయం లేక, కవలలతో వేగలేక అలా అయిందని రాజ్యలక్ష్మి గారు తరవాత నాతో అంది. కావచ్చు. నిద్రలేని తల్లులు అందరూ గరిటె కాల్చరు. ఆమె మీద జాలి పడమని నన్ను అడగొద్దు. అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఆ ఇంటికి ఇంకో పిల్ల రాకుండా ఆపింది నా కోపం కాదు. రాజ్యలక్ష్మి గారూ ఇంకో ఇద్దరూ వంతులేసుకుని ఆ కవలలను ఎత్తుకోవడానికి రోజూ ఆ ఇంట్లోకి పోవడం మొదలుపెట్టారు. రోజూ మనిషి వచ్చిపోయే ఇంట్లో గొళ్ళెం వేయడం కష్టం.

క్రమశిక్షణ

ఇక్కడితో ఆపితే బాగుండును. ఉపన్యాసాల్లో ఇక్కడే ఆపుతారు, పిల్ల తల్లిని చేరింది, చప్పట్లు అని. ఇంటికి వచ్చిన పిల్లను చూసినవాళ్ళకు తెలుసు.

మణెమ్మ కూర్చునేది కాదు. పొద్దున లేచి తమ గుడిసె ముందే కాదు, వరుసంతా ఊడ్చేది. ఎవరి గిన్నెలు కనబడితే వాళ్ళవి తోమేది. అన్నం పెడితే నిలబడి తినేది, సగంలో ఎవరైనా పిలుస్తారేమోనని. ఎవరు చేయి ఎత్తినా, జుట్టు సరిచేసుకోవడానికి ఎత్తినా, తల పక్కకు తిప్పేది. వచ్చినవాళ్ళందరూ ఎంత బుద్ధిమంతురాలు అని మెచ్చుకునేవారు. ఆ బుద్ధి చూస్తే నాకు కడుపు మండేది. నర్సవ్వ రోజంతా ఒకటే మాట, "కూసోయే, కూసో." పిల్ల కూర్చున్నట్టే కూర్చుని లేచేది.

చలికాలం పోయింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో కమిటీ పెద్దలు ఒకాయన, మాధవరావు గారు, కెమెరా మెడలో వేసుకున్న ఒకతనూ మేము చేసింది చూడడానికి వచ్చారు. ఏదీ మీ కార్యక్రమం అన్నారు. రెండు కొట్టేదాకా ఆగమన్నాను.

సైరన్ కూసింది. ఒక గుంపు ఫ్యాక్టరీ వైపు, ఒక గుంపు బస్తీ వైపు. రోడ్డు మధ్యలో ఎదురయ్యారు. బాలమణి చంకలోంచి సాయమ్మ కొడుకు సాయమ్మ చంకలోకి మారాడు. వాడు తిన్నాడు, బాలమణి పిల్లకు తుమ్ములున్నాయి, నీళ్ళు ఇంకా రాలేదు, నడుస్తూనే ఇవి చెప్పుకుని ఎవరి తోవన వాళ్ళు పోయారు. కెమెరా అతను ఇంకా మూత తీస్తూనే ఉన్నాడు. కమిటీ పెద్దమనిషి, ఇందులో ఫొటోకు ఏముందయ్యా అన్నాడు.

గుడిసెల దగ్గరికి నడిచాం. మణెమ్మ, బాలమణి కూతురు, ఇంకో ఇద్దరు నేల మీద బొగ్గుతో గళ్ళు గీసుకుని అష్టాచెమ్మ ఆడుతున్నారు. మణెమ్మ పొట్టి చేతుల జాకెట్టు వేసుకుంది. మచ్చలు కనబడుతున్నాయి. వాటి ధ్యాసే లేదు ఆ పిల్లకు, చింతగింజలు గుప్పిట్లో ఊపుతోంది. కుళాయిలో నీళ్ళు వచ్చిన చప్పుడైంది. సాయమ్మ కొడుకును దింపుతూ, "మణెమ్మా, బిందె అందుకో," అంది.

మణెమ్మ తలెత్తలేదు.

"నేను తియ్య. ఆడుతున్న గద. నువ్వే తెచ్చుకో."

సాయమ్మ చేయి నోటికి అడ్డం పోయింది. నర్సవ్వ గోడ దగ్గర నుంచి, "ఆఁ, నోరొచ్చిందే నీ బిడ్డకు," అంది. ఆ మాటన్న తీరు పెళ్ళి కబురు చెప్పినట్టుంది.

మాధవరావు గారు నా వైపు వంగారు. "ఇదేమిటి మల్లేశం? పెద్దవాళ్ళ ముందు ఆ జవాబేమిటి? ఇన్నాళ్ళూ పిల్లకు కాస్త క్రమశిక్షణ నేర్పలేకపోయారా?"

"ఇంకొన్నాళ్ళు నేర్పం సార్," అన్నాను.

సాయమ్మ అప్పటికే బిందె చంకన పెట్టుకుని కుళాయి వైపు నడుస్తోంది.